స్పిట్‌ఫైర్ ముక్కుకు బరువు వెతుక్కున్న కథ

రంగులు వేయడం కూడా అయిపోయాక తెలిసింది, ముక్కులో 240 గ్రాముల సీసం పెడితే తప్ప నా స్పిట్‌ఫైర్ ఎగరదని. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానానికి నేను కట్టిన రిమోట్ కంట్రోల్ మోడల్. దాని మొత్తం బరువే 2.9 కిలోలు. రెక్క పొడవు 1500 మి.మీ., బాల్సా కర్రతో కట్టింది. రాత్రిళ్లు కూర్చుని రెక్కలోని ఒక్కో రిబ్ (ఆకారం ఇచ్చే అడ్డ పలక) గీకి బరువు తగ్గించుకుంటూ వచ్చాను. ఇప్పుడు పావుకిలో సీసం వేయాలంటే మనసు ఒప్పుకోలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆలోచిస్తే అర్థమైంది. నేను వాడిన ప్లాన్ పాతది, 46 సైజు గ్లో ఇంజన్ (ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్) కోసం గీసింది. ఆ ఇంజన్ సైలెన్సర్‌తో కలిపి దాదాపు అరకిలో ఉంటుంది, అదంతా ముక్కు చివరే. నేను పెట్టిన బ్రష్‌లెస్ మోటార్, అంటే బ్యాటరీతో నడిచేది, 290 గ్రాములే. తేలికైన మోటార్ దొరికిందని కొన్న రోజు ఎంత సంతోషించానో! స్పిట్‌ఫైర్ ముక్కు అసలే పొట్టి, అక్కడ తగ్గిన ప్రతి గ్రాముకూ లెక్క చెప్పాల్సి వస్తుందని అప్పుడు తట్టలేదు. పైగా గట్టిగా ఉంటుందని తోక చక్రానికి స్టీల్ బ్రాకెట్ బిగించాను.

సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే బిందువు) విషయంలో నేనింత పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. దీనికి ముందు కట్టిన వార్‌బర్డ్ (యుద్ధవిమానం మోడల్) తోక బరువుతోనే పోయింది. నేల వదలగానే ముక్కు పైకి లేచింది. ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక మీది ఎలివేటర్‌ను పూర్తిగా కిందికి తోసినా దిగలేదు. ఒక రెక్క వాలింది, తిరగబడి పడింది. అంతా కొన్ని సెకన్లలో అయిపోయింది. ఆ రోజు విమానాన్ని వేళ్ల మీద నిలబెట్టి బ్యాలెన్స్ చూసి "పర్వాలేదు" అనుకుని ఎగరేశాను. మళ్లీ ఆ పని చేయకూడదనుకున్నాను.

అందుకే ఈసారి చెక్కతో చిన్న స్టాండ్ చేసుకున్నాను. నిలువుగా రెండు కర్రలు, వాటి కొసలకు పెన్సిల్ రబ్బర్లు. రెక్క మొదట్లో లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందంచు) నుంచి 92 మి.మీ. వెనక, సీజీ ఉండాల్సిన చోట, రెండు వైపులా గుర్తు పెట్టి, మోడల్‌ను బోర్లా తిప్పి ఆ రబ్బర్ల మీద ఉంచాను. రెక్క కిందుండే విమానాన్ని మామూలుగా పెడితే బరువంతా ఆధారానికి పైన ఉండి ఎటో ఒకవైపు పడిపోతుంది. బోర్లా పెడితే అదే నిదానంగా నిలకడకు వస్తుంది. బ్యాటరీ, ప్రొపెల్లర్, స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందుండే టోపీ) అన్నీ ఉండాలి, చక్రాలు మడిచి ఉండాలి. స్పిట్‌ఫైర్ చక్రాలు రెక్క కొసల వైపు మడుచుకుంటాయి కాబట్టి పెద్ద తేడా రాదు. కోర్సెయిర్ లాంటి వాటిలో కాళ్లు వెనక్కి మడుచుకుంటాయి, టేకాఫ్ అయ్యాక సీజీ కూడా వెనక్కి జరుగుతుంది. ఆ మోడల్ కట్టేవాళ్లు దీన్ని అసలు మర్చిపోకూడదు.

నా మోడల్ 92 దగ్గర కాక 111 దగ్గర నిలిచింది. 19 మి.మీ. వెనక.

తర్వాత లెక్క. 2900 గ్రాములను 19తో గుణిస్తే సుమారు 55,000. సీజీ నుంచి మోటార్ బిగించిన పలక 230 మి.మీ. దూరం. 55,000ను 230తో భాగిస్తే 240 గ్రాములు. ఊగుడు బల్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టే లెక్కే ఇది, అంతకు మించి ఏమీ లేదు. సీసం వేస్తే ల్యాండింగ్ వేగం పెరుగుతుంది, వేయకపోతే పాత కథే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడు కాగితం మీద రాసుకున్నాను: మోడల్‌లో అన్నిటికంటే బరువైన వస్తువు ఏది? బ్యాటరీ. 5ఎస్ 4000 (ఐదు సెల్‌లు, 4000 ఎంఏహెచ్), అరకిలో. అంటే పవర్ ఎంత కావాలో తేలకుండా బ్యాలెన్స్ తేలదు. ఈ రెండిటినీ అప్పటిదాకా వేర్వేరు పనులుగా చూశాను, నా అసలు పొరపాటు అదే.

వాట్‌మీటర్ తగిలించి, తోకను గట్టిగా కట్టేసి, ప్రొపెల్లర్ తిరిగే వరుసలో ఎవరూ లేకుండా చూసుకుని మోటార్ నడిపాను. మొదట 14x10 ప్రొపెల్లర్, అంటే వ్యాసం 14 అంగుళాలు, పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం) 10 అంగుళాలు. 66 ఆంపియర్లు చూపించింది. మోటార్ పరిమితి 60, ఈఎస్సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే పరికరం) పరిమితి 70. వెంటనే ఆపేశాను. 14x8 పెడితే 55 ఆంపియర్లు, 17.4 వోల్టులు. అంటే సుమారు 957 వాట్లు, కిలోకు 330 వాట్లు. వార్‌బర్డ్‌కు అది పుష్కలం. కిలోకు 220 ఉన్నా ఎగురుతుంది కానీ, లూప్‌లో పైకి వెళ్లేటప్పుడు ఆయాసపడుతుంది. పిచ్ తగ్గితే వేగం తగ్గుతుందని భయపడ్డాను. నా మోటార్ 600 కేవీ (లోడ్ లేనప్పుడు వోల్టుకు నిమిషానికి 600 చుట్లు), లోడ్‌లో నిమిషానికి 8600 చుట్ల చుట్టుపక్కల తిరుగుతుంది. 8 అంగుళాల పిచ్‌తో గంటకు 105 కి.మీ. దాకా వస్తుంది. ఆ సైజుకు అది చాలు.

బరువు తగ్గించడానికి 3000 బ్యాటరీ పెడదామా అని అంతకుముందు అనుకున్నాను. ఈ 55 చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. చిన్న బ్యాటరీ పెట్టి, తగ్గిన బరువుకు బదులు సీసం పెట్టడం ఏం లెక్క? సీసం ఒక్క సెకను కూడా ఎక్కువ ఎగరనివ్వదు.

కాబట్టి బ్యాటరీ ఉండాలి, కానీ ముందుకు జరగాలి. పాత ప్లాన్‌లో ఇంధనం ట్యాంకు ఉండే చోట దాన్ని పెట్టాను. దాని ముందున్న ఫార్మర్‌ను (బాడీకి ఆకారం ఇచ్చే అడ్డ పలకను) కోసి, పక్కల ప్లైవుడ్ పట్టీలతో బలం ఇచ్చి, మోటార్ పెట్టె కిందికి బ్యాటరీని 45 మి.మీ. జరిపాను. 500 గ్రాములను 45తో గుణిస్తే 22,500; 55,000లో అంత అక్కడే తీరింది. నాలుగు సాయంత్రాలు పట్టింది, కాక్‌పిట్ ముందు వేసిన రంగు కొంచెం పాడైంది.

తర్వాత తోక. సీజీ నుంచి తోక చక్రం 800 మి.మీ. దూరం, ముక్కు కంటే మూడున్నర రెట్లు. అక్కడ ఒక గ్రాము తీస్తే ముందు మూడున్నర గ్రాములు పెట్టినట్టే. స్టీల్ బ్రాకెట్ తీసి సన్నటి వైరు, చిన్న నురగ చక్రం పెట్టాను. 18 గ్రాములు తగ్గింది. ముక్కులో 60 గ్రాములకు పైగా సీసం తప్పింది! ఇంత పని చేసిన మార్పు ఇంకోటి లేదు. వార్‌బర్డ్ కట్టేవాళ్లు తోక వైపు జిగురు పూసేటప్పుడు కూడా చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

ప్లాస్టిక్ స్పిన్నర్ బదులు అల్యూమినియం పెట్టాను, 38 గ్రాములు ఎక్కువ. మళ్లీ స్టాండ్ ఎక్కిస్తే ఇంకా 30 గ్రాములు కావాలంది. 30 అంటే బాధ లేదు. సీసం ముక్కను మోటార్ పలకకు స్క్రూతో బిగించాను. జిగురుతో అంటించలేదు, మార్చాల్సి వస్తుందేమోనని.

అసలు స్పిట్‌ఫైర్‌కూ ఈ తంటా ఉండేది. 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరిన ఆ విమానంలో తర్వాత సామాను పెరిగేకొద్దీ సీజీ వెనక్కి జరిగింది. మార్క్ 5 వచ్చేసరికి నిలకడ కోసం ఎలివేటర్ కంట్రోల్‌కు బరువు తగిలించాల్సి వచ్చింది. అది చదివాక నా మనసు కొంత తేలికపడింది.

పక్కల బ్యాలెన్స్ త్వరగా అయిపోయింది. స్పిన్నర్ దగ్గర, తోక దగ్గర పట్టుకుని లేపితే ఎడమ రెక్క దిగింది. కుడి రెక్క కొసలో 12 గ్రాములు పెట్టాను. ప్రొపెల్లర్‌ను బ్యాలెన్సర్ మీద పెట్టి, దాని బరువైన బ్లేడును ఎమెరీ పేపర్‌తో కొద్దికొద్దిగా రుద్దాను. కొత్త స్పిన్నర్‌తో మోటార్ గొంతు మొదట గరగరలాడింది. దాన్ని తిప్పి బిగించాక సర్దుకుంది.

ఎగిరే రోజు టెన్షన్ చెప్పలేను. త్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే వార్‌బర్డ్ ఎడమకు ఈడ్చుకుపోతుంది. మెర్లిన్ ఇంజన్ ఉన్న నిజం స్పిట్‌ఫైర్ కూడా అంతే. గ్రిఫాన్ ఇంజన్ ఎదురు దిక్కుకు తిరిగేది కాబట్టి అది కుడికి లాగేది, అలవాటుపడ్డ పైలట్లు ఎదురు రడ్డర్ తొక్కాల్సి వచ్చేది. నాది మెర్లిన్ రకమే. కుడి రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) కొంచెం పట్టుకుని, మూడు దాకా లెక్కపెట్టుకుంటూ త్రాటిల్ పెంచాను. తోక లేచింది, తర్వాత చక్రాలు లేచాయి. ముక్కు ఉన్నచోటే ఉంది. దాని కోసమే కదా ఇంత పని!

ఎత్తుకు వెళ్లాక త్రాటిల్ తగ్గించి, 45 డిగ్రీల డైవ్‌లో పెట్టి ఎలివేటర్ వదిలేశాను. ముక్కు ఇంకా కిందికి వంగితే తోక బరువు, గట్టిగా పైకి లేస్తే ముక్కు బరువు. ఇది పైకి లేచింది, నేను అనుకున్నదానికంటే త్వరగా. ల్యాండింగ్‌లో కూడా తోక దించడానికి ఎలివేటర్ చాలా లాగాల్సి వచ్చింది. ఆరు నిమిషాల తర్వాత చార్జర్ 2900 ఎంఏహెచ్ నింపింది. మోటార్ చేత్తో తాకగలిగేంత వెచ్చగా ఉంది.

కౌల్ (మోటార్ మీది మూత) విప్పి, స్క్రూ తీసి ఆ 30 గ్రాముల సీసం బయటికి లాగాను. సీజీ 94, 95 మధ్యకు వచ్చింది. రెండో ఫ్లైట్‌లో అదే డైవ్, అదే ఎత్తు. ముక్కు నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా పైకి వచ్చింది.