బొటనవేలు వంచితే చూపుడు వేలూ ముడుచుకుంటోందా?

మణికట్టు తిన్నగా ఉంచి, నాలుగు వేళ్లూ చాపి, బొటనవేలి కొసను చిటికెన వేలి మొదలు వైపు వంచండి. చూపుడు వేలి చివరి కణుపు దానంతటదే ముడుచుకుందా? అయితే రెండో చేత్తో ఆ వేలిని తిన్నగా పట్టుకుని బొటనవేలు మళ్లీ వంచండి. అది సగంలో ఆగినా, మణికట్టుకు కాస్త పైన ముంజేతి లోపలివైపు లాగినట్టు నొప్పి పుట్టినా, అక్కడ రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) కలిసి ఉన్నాయని అనుమానించాలి. మణికట్టు వంగితే టెండన్లు వదులై తేడా తెలియదు. బొటనవేలి చివరి కణుపు వంచకుండా మొదలు దగ్గర మాత్రమే వంచినా అంతే.

బొటనవేలి చివరి కణుపును వంచేది ఫ్లెక్సార్ పాలిసిస్ లాంగస్ అనే కండరం. దాని టెండన్ నుంచి ఒక పాయ చూపుడు వేలిని వంచే టెండన్‌కు వెళ్తే రెండూ కలిసే కదులుతాయి. కొందరిలో పాయ ఉండదు, చుట్టూ ఉన్న పొర అతుక్కుని అదే పని చేస్తుంది. 1979లో లిన్‌బర్గ్, కామ్‌స్టాక్ అనే వైద్యులు దీన్ని వివరించారు. వాళ్లు చూసినవాళ్లలో 31 శాతం మందికి కనీసం ఒక చేతికి ఉంది. అంటే ఇది రోగం కాదు. నొప్పి లేకపోతే చేయాల్సిందేమీ లేదు.

ఇబ్బందల్లా బొటనవేలు బిగించి చూపుడు వేలిని విడిగా ఎత్తాల్సిన పనుల్లోనే. చెన్నైలో వయొలిన్ నేర్చుకునే పిల్లల్ని "సాధన చాలదు" అని మందలించే ముందు ఈ పరీక్ష ఒక్కసారి చేయించండి, దయచేసి. కర్ణాటక పద్ధతిలో వాద్యం తల కుడి పాదం దగ్గర ఆనుతుంది కాబట్టి వయొలిన్ మెడను బొటనవేలితో నొక్కిపట్టాల్సిన అవసరం లేదు. బొటనవేలి చివరి కణుపును తిన్నగా వదిలేస్తే చూపుడు వేలి మీద లాగుడు తగ్గుతుంది. చూపుడు వేలిని బలవంతంగా వెనక్కి సాగదీయడం మాత్రం వద్దు. అతుకు దగ్గర వాపు రావచ్చు.

బొటనవేలు టక్కున పట్టేసి వదులుతుంటే అది ట్రిగ్గర్ థంబ్, వేరే సంగతి. బొటనవేలు, చూపుడు వేలు కొసలు అసలు వంగక, గుండ్రంగా సున్నా చుట్టలేకపోతే నరం దెబ్బతిని ఉండొచ్చు, ఆలస్యం చేయకండి.

విశ్రాంతి, స్ప్లింట్‌తో (కదలకుండా పట్టి ఉంచే కట్టుతో) తగ్గని నొప్పికి ఆ పాయను కోసి విడదీస్తారు. ఆ చోటు వరకే మత్తిస్తే, బల్ల మీదే బొటనవేలు వంచమని చెప్పి, చూపుడు వేలు కదలడం లేదని చూసుకుని కుట్లు వేయొచ్చు. మళ్లీ అతుక్కోకుండా వేళ్లను త్వరగానే కదిలించాలి. చెన్నైలోని స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో చేతి శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది.