మిర్చి కల్లంలో కోడి కడుపు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు చుట్టుపక్కల మిర్చి కల్లాల్లో నాటుకోళ్లు గింజలు ఏరుకుంటూ కనిపిస్తాయి. కుక్క అటు మూతి కూడా పెట్టదు. కోడికేమో మంటే తెలియదు. వేడిని పసిగట్టే ఒక ప్రోటీన్ మన నోటి నరాల్లో ఉంటుంది. మిరపకి కారాన్నిచ్చే క్యాప్సైసిన్ దానికి తగలగానే, కాలిందన్న కబురు మెదడుకి వెళ్తుంది. పక్షుల్లో ఆ ప్రోటీన్ కాస్త వేరుగా ఉంటుంది, క్యాప్సైసిన్‌కి ఉలకదు. 2002లో కోడి ప్రోటీన్‌తోనే దీన్ని తేల్చిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో, వేడిని గుర్తించే ఈ ప్రోటీన్ పరిశోధనకే, నోబెల్ వచ్చింది. మిరప తిన్న కోడి గుడ్డు కారంగా ఉంటుందనేది ఒట్టి మాట. పచ్చసొనకి ఎర్రదనం మాత్రం వస్తుంది. అది కారం వల్ల కాదు, కాయ తోలులోని రంగు వల్ల. తెల్లబడిన తాలు కాయలు వేస్తే ఆ రంగూ రాదు.

కోడి మేత వెతికేది వాసనతో కంటే కంటితోనే ఎక్కువ. మనకి కనపడని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనిపిస్తుంది. చీకటి పడితే మాత్రం చూపు ఆనదు. పెంటకుప్ప మీద ఒక కాలితో, తర్వాత రెండో కాలితో గీరి, ఒక్క అడుగు వెనక్కి వేసి, తల వంచి చూస్తుంది. ఆ వెనకడుగు ముఖ్యం. కదిలిన పురుగు అప్పుడే కంట్లో పడుతుంది. గింజలు, లేత ఆకులు, చెదలు, వానపాములు, చిన్న బల్లి, ఎలుక పిల్ల, ఏదీ వదలదు. తల్లికోడి దొరికినదాన్ని తినకుండా కొక్ కొక్ మంటూ పైకెత్తి కింద పడేస్తూ పిల్లలకి చూపిస్తుంది.

పళ్లు లేవు కాబట్టి మింగింది ముందు మెడ కింది మేత సంచిలో చేరుతుంది. సాయంత్రం గూటికి చేరేటప్పుడు అది నిండుగా, మెత్తగా తగలాలి. పొద్దున్నే ఖాళీగా ఉండాలి. తెల్లారినా గట్టిగా ఉండలా తగిలిందంటే పొడుగాటి ఎండుగడ్డో, నైలాన్ దారమో, ప్లాస్టిక్ ముక్కో అడ్డం పడిందని అర్థం. నీళ్లలా ఊగుతూ పుల్లటి వాసన వస్తే లోపల పులిసింది. చాలామంది కోడిని తలకిందులు చేసి కక్కిస్తారు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడికక్కడే చావొచ్చు. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

అక్కడినుంచి మేత ఆమ్లంలో నాని కందనకాయలోకి వెళ్తుంది. కూరకి శుభ్రం చేసేటప్పుడు ఒలిచి పారేసే పసుపు పొర ఉంది చూడండి, నూరే పని దానిది, కోడి మింగిన రాళ్లది. విజయవాడలో డాబా మీద కోళ్లు పెంచేవాళ్లు తప్పేది ఇక్కడే. మట్టి లేదు, రాళ్లు లేవు, పైగా గింజ మొత్తంగా వేస్తారు. నూరుడు సరిగా జరగక గింజలు అలాగే రెట్టలో వచ్చేస్తాయి. పెసరగింజంత గట్టి రాళ్లు ఒక చిప్పలో పెడితే చాలు, కావలసినన్ని అదే ఏరుకుంటుంది. సన్న ఇసుక నిలవదు, జారిపోతుంది.

నూరే రాయి వేరు, సున్నపురాయి వేరు అనుకోండి. పిడుగురాళ్ల సున్నపురాయి నూక కందనకాయలో కరిగిపోతుంది కాబట్టి నూరడానికి పనికిరాదు, గుడ్డు పెంకుకి పనికొస్తుంది. ఒక్క పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది. అందుకే సున్నపురాయి నూకో, ఆల్చిప్పల పొడో సాయంత్రం విడిగా పెట్టాలి. కాల్చిన సున్నం మాత్రం వద్దే వద్దు, నోరు, పేగులు కాలిపోతాయి.

ఇక నూకల సంగతి. గంపెడు నూకలు పోస్తే కోడి వెతకడం మానేసి కొవ్వు పడుతుంది, గుడ్లు తగ్గుతాయి. బియ్యంలో ప్రోటీన్ 7 శాతం దగ్గర, మొక్కజొన్నలో 9 లోపే. గుడ్లు పెట్టే పెట్టకి 16 దాకా కావాలి. ఆ లోటు పురుగులు పూడుస్తాయి. బయట తిరిగే పెట్టకి సాయంత్రం 30 నుంచి 50 గ్రాముల నూకలు, తవుడు, జొన్నలు కలిపి ఇస్తే సరిపోతుంది. కోడిపిల్లల కోసం ఊళ్లలో చేసే పద్ధతి నాకు ఇష్టం: కుండలో తడి గడ్డి, పేడ కూరి, పొద్దుగూకే వేళ చెదల పుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. ఎండెక్కకముందే తెచ్చి పిల్లల ముందు దులపాలి.

మే నెల ఎండలకి కోడి మధ్యాహ్నం మేత ముట్టదు. చెమట పట్టని జీవి, నోరు తెరిచి రొప్పుతుంది. మేత పొద్దున్నే, చల్లబడ్డాక వేయాలి. నీళ్లు మామూలు రోజుల్లోనే మేత బరువుకి రెట్టింపు కావాలి, ఎండల్లో ఇంకా ఎక్కువ.

బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క వాసన చూసి పారేయండి. బూజు విషం కాలేయాన్ని తింటుంది, ఎండబెట్టినా, ఉడికించినా పోదు. మిగిలిన ఆవకాయ కారం కోడిని ఏమీ చేయదు, అందులోని ఉప్పు చంపుతుంది. మందు పట్టించి విత్తనశుద్ధి చేసిన రంగు గింజలు నేల మీద రాలనివ్వొద్దు. ఎలుకల మందు పెట్టిన ఇంట్లో కోడిని వదలొద్దు. మిర్చి, పత్తి చేలకి మందు కొట్టాక రాలిన పురుగుల కోసం కోళ్లు ఎగబడతాయి. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉందో అన్ని రోజులూ వాటిని గంప కిందే ఉంచండి.