లీమాలో పన్నెండు గంటలు: విశాఖ నుంచి వెళ్ళేవాళ్ళకి ఒక లెక్క

పెరూ రాజధాని లీమాలో విమానం మారేటప్పుడు ఊళ్ళోకి వెళ్ళాలా వద్దా అన్నది అక్కడ దిగాక తేల్చుకుందాం అనుకోకండి. టికెట్ చేతికొచ్చిన రోజే, విశాఖలోనే తేల్చుకోవాలి. కారణం ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే ఒక జ్వరం) టీకా.

మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ ముప్పు ఉందని లెక్కేసే దేశాల్లో పెరూ ఒకటి. అక్కణ్ణుంచి బయల్దేరి 6 రోజుల్లోపు ఇండియాలో దిగినవాళ్ళ దగ్గర టీకా కార్డు లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం హెల్త్ ఆఫీసరుకి ఉంది. విమానం మారడానికే ఆగి, ఎయిర్‌పోర్టు ఆవరణ దాటనివాళ్ళకి ఆయన ఒప్పుకుంటే మినహాయింపు ఉంటుంది. ఒక్క గంట బయట తిరిగొచ్చినా అది పోతుంది. టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ కార్డు చెల్లుబాటు కాదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. మన ఊళ్ళో ఓడల మీద పనిచేసేవాళ్ళకి ఈ పసుపురంగు కార్డు కొత్త కాదు. ఎక్కడ వేస్తారో, వారంలో ఏ రోజు వేస్తారో వాళ్ళనడిగితే చెబుతారు. గుడ్డు పడనివాళ్ళు, 60 దాటినవాళ్ళు ముందే డాక్టరుకి ఆ మాట చెప్పాలి. ఈ టీకాని కోడిగుడ్ల పిండాల్లోనే తయారుచేస్తారు. కార్డుని మాత్రం చేతి సంచిలోనే ఉంచుకోండి. దాన్ని అడిగేది ఢిల్లీలోనో ముంబైలోనో, పెద్ద పెట్టె చేతికి రాకముందే.

తర్వాత వీసా. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదో ఒకటి కనీసం 6 నెలల గడువుతో ఉంటే, లేదా ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉంటే, మన పాస్‌పోర్టుకి పెరూ వీసా అక్కర్లేదు. గడువు 5 నెలలే మిగిలితే కుదరదు. ఇవేవీ లేనివాళ్ళు ఢిల్లీలోని పెరూ ఎంబసీ నుంచి వీసా తెచ్చుకోవాల్సిందే.

ఇక గంటల లెక్క. ఉదయం 9కి దిగి రాత్రి 9కి మళ్ళీ ఎక్కాలనుకోండి. చూడ్డానికి 12 గంటలు. ఇమిగ్రేషన్, కస్టమ్స్ దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి గంటంపావు. ఎయిర్‌పోర్టు ఉన్నది కయ్యావోలో, మనం వెళ్ళే మిరాఫ్లోరెస్ పేట అక్కడికి సుమారు 18 కిలోమీటర్లు. దారి బాగుంటే 45 నిమిషాలు, లేకపోతే గంటన్నర. సాయంత్రం 5 దాటితే లీమా ట్రాఫిక్ కదలదు, కాబట్టి 4:30కల్లా వెనక్కి తిరగాలి. చేతిలో మిగిలేది 5 గంటలు. అందుకే నా మాట: పాత ఊరు, మ్యూజియం, సముద్రం అన్నీ అనుకోకుండా మిరాఫ్లోరెస్ ఒక్కటే చూడండి. మధ్యలో 9 గంటలకన్నా తక్కువ ఉంటే కదలకపోవడమే మంచిది. రెండు టికెట్లు విడివిడిగా కొంటే పెట్టెలు మీరే తీసుకుని మళ్ళీ ఇవ్వాలి, ఇంకో గంట పోతుంది.

లీమా టాక్సీలకి మీటరుండదు. ఎక్కకముందే ధర మాట్లాడుకోవాలి, లేదా యాప్‌లో పిలవాలి. కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దాలు ఎత్తే ఉంచండి, ఫోను ఒళ్ళో పెట్టుకోకండి. కిటికీలోంచి లాక్కుపోవడం అక్కడ మామూలు. చిన్న నోట్లు దగ్గరుంచుకోండి, 100 సోల్ (పెరూ డబ్బు) నోటిస్తే చిల్లర దొరకదు.

మొదట వాకా పుక్యానా. ఇళ్ళ మధ్యలో ఉన్నట్టుండి మట్టి కొండలా కనిపించే గుడి ఇది, దాదాపు 1,500 ఏళ్ళ కిందటిది. ఇక్కడిది కాల్చిన ఇటుక కాదు, ఎండబెట్టిన పచ్చి ఇటుక. దగ్గరికెళ్ళి గోడ చూడండి: ఇటుకల్ని పడుకోబెట్టలేదు, బీరువాలో పుస్తకాల్లా నిలబెట్టి, మధ్యలో సందులు వదిలారు. భూకంపం వస్తే ఒక్కో ఇటుకా తన చోట కొంచెం కదిలి ఊరుకుంటుంది, గోడ మొత్తం చీలదు. వాన విషయానికొస్తే, లీమాలో అది పడదనే చెప్పాలి. ఈ గోడే మన దగ్గరైతే ఒక్క తుఫానుకి కరిగిపోయేది. గైడుతో కలిసే తిప్పుతారు, ముప్పావుగంట పడుతుంది. మంగళవారం సెలవు. ఆ రోజైతే దారిలో ప్వెబ్లో లిబ్రె పేటలో ఉన్న లార్కో మ్యూజియానికి వెళ్ళండి, వేల కొద్దీ పాత కుండలు అరల్లో పేర్చిన గదుల్ని కూడా చూడనిస్తారు.

మధ్యాహ్నం భోజనం. సెవిచె పొద్దుటి చేపతో చేసే పగటి వంట, చాలా కొట్లు సాయంత్రానికి మూసేస్తారు. పచ్చి చేప ముక్కల మీద నిమ్మరసం, ఉప్పు, మిరప, ఎర్ర ఉల్లి వేస్తారు. పులుపుకి ముక్క ఉడికించినట్టు తెల్లబడుతుంది, కానీ క్రిములు చావవు. ముందు సుదీర్ఘమైన విమాన ప్రయాణం ఉందని గుర్తుంచుకుని, జనం కిటకిటలాడే చోటే తినండి. పక్కన చిలగడదుంప, సగం పేలిన మొక్కజొన్న పెడతారు.

శాకాహారులకి ఒక చిక్కు. 'కార్నె' వద్దంటే వాళ్ళకి అర్థమయ్యేది మేక, ఆవు మాంసం వద్దని. కోడి వచ్చేస్తుంది. 'సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో' అని మూడూ చెప్పాలి, అంటే మాంసం, కోడి, చేప లేకుండా. చీఫా అనే చైనా హోటళ్ళలో 'చౌఫా దె వెర్దూరాస్' అడిగితే కూరగాయల ఫ్రైడ్ రైస్ దొరుకుతుంది, అన్నం తిన్నామన్న తృప్తి ఉంటుంది.

వాకా నుంచి అరగంట నడిస్తే మలెకోన్, అంటే వాళ్ళ బీచ్ రోడ్డు. అయితే అది కొండకొమ్మున ఉంటుంది, సముద్రం బాగా కింద. కైలాసగిరి అంచున నిలబడ్డట్టుంటుంది. కింద ఇసక కాదు, గుండ్రాళ్ళు. అల వెనక్కి లాగినప్పుడల్లా అవి ఒకదాన్నొకటి రాసుకుని గలగలమంటాయి. నీళ్ళు మాత్రం మన ఆర్కే బీచ్‌తో పోలిస్తే చల్లన: దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ ప్రవాహం వల్ల. ఆ చల్లదనమే వానని ఆపి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశానికి బూడిదరంగు మబ్బు కప్పుతుంది. పల్చటి స్వెటరు పట్టుకెళ్ళండి. మన సముద్రంలోంచి సూర్యుడు పుడితే అక్కడ సముద్రంలోకి దిగుతాడు, కానీ అది చూడాలంటే అక్కడి వేసవి నెలలై (డిసెంబరు నుంచి మార్చి దాకా) ఉండాలి, పైగా విమానం రాత్రి 11 తర్వాతదై ఉండాలి. 9 గంటల విమానానికి ఆ ఆశ పెట్టుకుంటే ట్రాఫిక్‌లో చిక్కుతారు.

తిరుగు దారిలో కోకా ఆకులు, కోకా టీ పొట్లాలు, కోకా చాక్లెట్లు అమ్ముతుంటారు. అక్కడ చట్టప్రకారం తాగొచ్చు. ఇండియాలో కోకా ఆకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది, అమెరికాలోనూ నిషేధమే. కప్పులో ఉన్నది తాగేసి రండి, పొట్లం మాత్రం సంచిలో వేసుకోకండి.