బఠాణీ గింజంత మందు

2022 ఏప్రిల్ చివర్లో ఒక రాత్రి అన్నం ఉడికిందో లేదో చూద్దామని గిన్నె మూత తీశాను. రోజూ ముఖానికి తగిలే ఆవిరే. ఆ రోజు మాత్రం బుగ్గలకు కారం పూసినట్టు భగ్గుమంది. మూత చేతిలోంచి జారి గట్టు మీద పడింది. కుళాయి కింద ముఖం పెడితే నీళ్లు తగిలినా మంటే. అద్దంలో చూసుకున్నాను. ముక్కుకు రెండు వైపులా చర్మం ఉల్లిపొరలా లేచి ఉంది. నోటి మూలలు పగిలాయి. గడ్డం ఎర్రగా కమిలి మెరుస్తోంది. అప్పటికి నేను ట్రెటినోయిన్ అనే మొటిమల పూత మందు రాయడం మొదలుపెట్టి పన్నెండు రోజులు.

మాది గుంటూరు. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. చదువుకునే రోజుల్లో నాకు మొటిమలు పెద్దగా రాలేదు. బాబు పుట్టాక, ఇరవై తొమ్మిదో ఏట, గడ్డం మీద, దవడ వెంట మొదలయ్యాయి. పైకి చిన్నగా కనిపిస్తూ లోపల గోలీకాయలా గట్టిగా ఉండేవి. ఒకటి మానేలోపు ఇంకొకటి లేచేది. మానినవి నల్లమచ్చ పెట్టి పోయేవి. మన చామనచాయ ఒంటికి ఆ మచ్చలే అసలు బాధ. మొటిమ పది రోజులుంటే మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. పసుపు రాయమని అమ్మ, నిమ్మరసం రుద్దమని పక్కింటి పిన్నిగారు, ఒంట్లో వేడి చేసింది కాబట్టి సబ్జా గింజలు తాగమని అత్తయ్య చెప్పారు. అన్నీ చేశాను. తరగతిలో పిల్లల వైపు తిరిగి నిలబడటానికి మనసొప్పేది కాదు. బోర్డు మీద లెక్క చేస్తున్నంతసేపే ప్రాణం కుదుటపడేది.

చివరికి ఒక క్లినిక్‌కు వెళ్లాను. వరండా నిండా జనం. రెండు గంటలు కూర్చున్నాక లోపల గడిపింది రెండు నిమిషాలు. చీటీ మీద రెండు ట్యూబులు రాశారు. పొద్దునకు బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, రాత్రికి ట్రెటినోయిన్ 0.05 శాతం క్రీము. "రాత్రి పడుకునే ముందు రాయండి" అన్నారు. ఎంత రాయాలో, వారానికి ఎన్నిసార్లు రాయాలో, ఎక్కడ రాయకూడదో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాలని కూడా తెలియలేదు.

క్రీము అన్నారు కాబట్టి క్రీములాగే వాడాను. సున్నిపిండితో ముఖం గట్టిగా రుద్దుకుని, తడి ఆరకముందే, వేలి పొడవునా ట్యూబు పిండి కళ్ల కింది నుంచి మెడ దాకా పట్టించేదాన్ని. ఐదో రోజున పొట్టు లేస్తుంటే మందు పనిచేస్తోందని సంతోషపడి, ఆ పొట్టును తువ్వాలుతో రుద్ది తీశాను. త్వరగా తగ్గాలని ఆదివారం పగలు కూడా ఒకసారి రాశాను. బడికి వెళ్లేది స్కూటీ మీద, ఏప్రిల్ ఎండలో. ముఖానికి అడ్డంగా చున్నీ తప్ప ఏమీ లేదు. తొమ్మిదో రోజున పై పెదవికి త్రెడింగ్ చేయించుకుంటే దారంతో పాటు సన్నటి పొర లేచి నెత్తురు చిమ్మింది. అప్పుడైనా ఆగాల్సింది. ఆ రాత్రి కూడా రాశాను.

ఆవిరి తగిలిన మర్నాడు మందుల షాపుకు వెళ్లాను. కౌంటరు దగ్గర ఉన్న అబ్బాయి ముఖం చూసి ఒక చిన్న ట్యూబు తీసిచ్చాడు. "ఇది రాయండి మేడం, రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అన్నాడు. నిజంగానే రెండు రోజుల్లో తగ్గిపోయింది. ఎరుపు పోయింది, మంట పోయింది. వారం తిరిగేసరికి చర్మం ఎప్పుడూ లేనంత నునుపుగా, తెల్లగా తయారైంది. "ముఖం తేటపడింది" అని అత్తయ్య మురిసిపోయారు. ఐదు వారాలు రాశాను. ట్యూబు అయిపోయి మానేసిన మూడో రోజుకు మొత్తం తిరగబడింది. మంట ముందుకన్నా ఎక్కువ. బుగ్గల మీద సన్నటి ఎర్రటి గీతలు, నుదుటి నిండా చిన్న చిన్న పొక్కులు. మళ్లీ ట్యూబు కొని రాస్తే తగ్గేది, మానితే వచ్చేది. జులై వచ్చేసరికి దాన్ని వదల్లేని స్థితికి వచ్చాను.

మా బడిలో తెలుగు టీచరుగారు పట్టుబట్టి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మకు అరవై దగ్గర పడి ఉంటాయి. ముందు నా ముఖం చూడలేదు. "ఇప్పటిదాకా రాసినవన్నీ బల్ల మీద పెట్టమ్మా" అన్నారు. ట్యూబులు వరసగా పెట్టాను. షాపులో ఇచ్చినదాన్ని తిప్పి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివి, దాని మీద వేలు పెట్టి చూపించారు.

"ఇది స్టెరాయిడ్. నీకు మంట తెలియకుండా చేసింది, అంతే. కింద చర్మం పలచబడుతూనే ఉంది. ఎవరు రాశారమ్మా?"

ఎవరూ రాయలేదని చెప్పాను. 2018లోనే కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చిందని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. చీటీ అడగకుండా అమ్ముతూనే ఉన్నారు, మనం కొంటూనే ఉన్నాం. ఆ ఓపీ వరండాలో నాలాంటి బుగ్గలతో ఇంకా కొందరు కూర్చుని ఉండటం నేను వెళ్లేటప్పుడే చూశాను. ఒకమ్మాయికి పదహారేళ్లు కూడా ఉండవు. ఆ పిల్లను ఇప్పటికీ మరవలేను.

రెండు నెలలు మొటిమల సంగతే తలపెట్టలేదు. నురగ తక్కువగా వచ్చే ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, ఎరుపు తగ్గడానికి ఆమె రాసిన వేరే మందు. అంతే. సున్నిపిండి, పసుపు, నిమ్మ, ఆవిరి పట్టడం, పార్లర్, అన్నీ బంద్. మొదటి మూడు వారాలు నరకం. రాత్రి రెండింటికి లేచి తడిగుడ్డ ముఖం మీద వేసుకుని కూర్చున్న రోజులున్నాయి. మా వారు పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేవారు. ఏమీ మాట్లాడేవారు కాదు. ఆ విసనకర్ర గాలికి నేను ఎంత రుణపడ్డానో ఆయనకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

సెప్టెంబరులో డాక్టరమ్మ "ఇప్పుడు మొదలుపెడదాం" అని మళ్లీ ట్రెటినోయిన్ పేరే చెప్పేసరికి నా చేతులు చల్లబడ్డాయి. నా ముఖాన్ని తగలబెట్టింది అదే కదా అన్నాను. ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. "మందు మంచిదేనమ్మా. అమెరికాలో 1971 నుంచి మొటిమలకు వాడుతున్నారు. నీకు చెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు" అని, 0.025 శాతం ట్యూబు మూత తీసి, నా చూపుడువేలి కొస మీద కొద్దిగా పిండారు. బఠాణీ గింజంత. లేత పసుపు రంగులో ఉన్న ఆ మందు నా వేలి గీతల మధ్య నిలబడి ఉంది.

"ముఖం మొత్తానికా?" అని అడిగాను.

"మొత్తానికి. నుదుటి మీద ఒక చుక్క, రెండు బుగ్గల మీద రెండు, గడ్డం మీద ఒకటి. అక్కడి నుంచి పలచగా లాగు. కళ్ల చుట్టూ వద్దు, ముక్కు మడతల్లో వద్దు, పెదవుల మూలల్లో వద్దు."

అంతకుముందు నేను ఒక్క రాత్రిలో రాసినది, ఈ లెక్కన వారం పది రోజులకు సరిపోయే మందు. లెక్కల టీచర్ని, ఆ కొలత నా కళ్ల ముందే వేలి మీద కనిపిస్తుంటే ఏడుపొచ్చింది.

మందు ఎలా పనిచేస్తుందో కూడా ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఇది విటమిన్ ఏ నుంచి వచ్చిన జాతి మందు. వెంట్రుక కుదురు దగ్గరి రంధ్రంలో మృతకణాలు, జిడ్డు కలిసి బిరడాలా బిగుసుకుంటే మొటిమకు పునాది పడుతుంది. ఈ మందు ఆ కణాలు ముద్దకట్టకుండా చూస్తుంది, కొత్త చర్మం త్వరగా పైకి వచ్చేలా చేస్తుంది. అందుకే మొదటి వారాల్లో లోపల దాగినవన్నీ ఒక్కసారి పైకి వచ్చి ముఖం ముందుకన్నా అధ్వానంగా కనిపించవచ్చట. "అప్పుడు భయపడి మానకు, ఎక్కువా రాయకు. పన్నెండు వారాలు చూడకుండా ఈ మందు గురించి మాట్లాడకూడదు" అన్నారు.

మా వంటింట్లో గోడకు ఉన్న తెలుగు క్యాలెండరే నా చార్టు. మొదట సోమ, గురువారాలు మాత్రమే. ఆ తేదీల కింద పెన్సిలుతో చుక్క పెట్టుకున్నాను. రాత్రి ముఖం కడుక్కుని మెత్తగా అద్దుకుని అరగంట ఆగాలి. తడి చర్మం మీద రాస్తే మందు ఎక్కువగా లోపలికి దిగి మంట పుట్టిస్తుంది. ఆ అరగంటలో మర్నాటి ఇడ్లీ పిండి చూసుకునేదాన్ని, పిల్లల నోటు పుస్తకాలు దిద్దేదాన్ని. నా చర్మం అప్పటికే దెబ్బతిన్నది కాబట్టి మాయిశ్చరైజర్ ఒక పొర, దాని మీద మందు, పైన మళ్లీ మాయిశ్చరైజర్. రాసే ముందు నోటి మూలలకు, ముక్కు పక్కలకు వాజలీన్ పూత. వెలుతురుకు ఈ మందు చెడిపోతుంది, అందుకే రాత్రి పూటే రాయాలి, ట్యూబును కిటికీ పక్కన పెట్టకూడదు. రెండు మూడు వారాలు మంట లేకుండా గడిస్తేనే ఇంకో రాత్రి పెంచేదాన్ని. చురుక్కుమంటే ఒక రాత్రి తప్పించేదాన్ని. తప్పించడం ఓడిపోవడం కాదని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

బెంజాయిల్ పెరాక్సైడ్ పక్కన పెట్టేశారు. ట్రెటినోయిన్‌తో పాటు ఒకే పూట రాస్తే అది మందును దెబ్బతీయవచ్చని, పైగా రెండూ చర్మాన్ని ఎండబెడతాయని చెప్పారు. సన్‌స్క్రీన్ మాత్రం ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు వేళ్ల పొడవునా. మందు బఠాణీ గింజంత, సన్‌స్క్రీన్ ధారాళంగా. నేను మొదట చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే స్టాఫ్ రూములో మళ్లీ రాసుకునేదాన్ని.

ఆమె చెప్పినట్టే నాలుగో వారంలో గడ్డం నిండా మొటిమలు లేచాయి. ఆ వారం క్యాలెండరు ముందు నిలబడి మానేద్దామా అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎనిమిదో వారానికి కొత్తవి రావడం తగ్గింది. డిసెంబరులో పన్నెండు వారాలు నిండేసరికి దవడ మీద వేలు పెట్టి చూసుకుంటే ఒక్క గట్టి గడ్డ కూడా తగల్లేదు. మచ్చలు పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. బుగ్గల మీది ఎర్రగీతలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అవి స్టెరాయిడ్ గుర్తులు.

ఇంతకీ మందు మొదలుపెట్టిన రోజున ఆమె మొదట అడిగిన ప్రశ్న వేరే. "ఇంకో బిడ్డను అనుకుంటున్నారా?" అని. అంతకుముందు నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. పూత మందు రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువే అయినా గర్భంతో ఉండగా వాడవద్దని, అనుకున్నప్పుడు ముందే ఆపాలని చెప్పారు. ఈ జాతిలోనే మింగే మందు ఐసోట్రెటినోయిన్ ఉంది, దాని సంగతి మరీ తీవ్రమైనదని కూడా అప్పుడే చెప్పారు.

ఆ మాట 2023 సంక్రాంతికి పనికొచ్చింది. మా ఆడపడుచు పండక్కి వచ్చింది. పెళ్లయి మూడు నెలలు. మొటిమలు తనకూ ఉన్నాయి. నా ముఖం చూసి "వదినా, నీ ట్యూబు నాకూ ఇవ్వవా" అంది. ఎవరి చర్మానికి తగ్గట్టు వాళ్లకు రాస్తారు, ఇవ్వనన్నాను. అలిగి, "పోనీలే, నా దగ్గర మాత్రలున్నాయి. ఆఫీసులో ఒకమ్మాయి తన కోర్సు అయిపోగా మిగిలినవి ఇచ్చింది, రేపటి నుంచి వేసుకుంటాను" అని బ్యాగులోంచి తీసింది. పట్టీ వెనక్కు తిప్పి చూశాను. ఐసోట్రెటినోయిన్ 20 మిల్లీగ్రాములు.

నా గుండె ఆగినంత పనైంది. తనను వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి చెప్పాను. ఈ మందు ఒంట్లో ఉండగా గర్భం వస్తే బిడ్డ మెదడు, గుండె, చెవులు సరిగా ఏర్పడకపోవచ్చు. కొద్ది రోజులు వేసుకున్నా ప్రమాదమే. అందుకే గర్భం లేదని పరీక్ష చేశాకే మొదలుపెడతారు. నెల ముందు నుంచి, ఆపాక ఇంకో నెల దాకా గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. ఆ రోజుల్లో రక్తదానం కూడా చేయకూడదు. కాలేయానికి, కొవ్వుకు రక్తపరీక్షలు చేస్తారు. మనసు కుంగినట్టుంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మొండి మొటిమలకు చాలా గొప్ప మందే, కానీ స్నేహితురాలి బ్యాగులోంచి తీసుకునేది కాదు.

తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఈ నెల ఇంకా రాలేదు వదినా" అంది.

మర్నాడు పరీక్ష చేసుకుంటే రెండు గీతలు వచ్చాయి. ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. ఆ పట్టీని నేనే తీసుకుని ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ చేతికి ఇచ్చాను. మా మేనకోడలు ఇప్పుడు ఇల్లంతా పరుగులు పెడుతోంది.

నేను ట్రెటినోయిన్ ఆపి ఏడాది కావస్తోంది. రెండో బిడ్డ కోసం అనుకున్నప్పుడే డాక్టరమ్మకు చెప్పి ఆపాను, ఆమె దాని బదులు అజెలాయిక్ యాసిడ్ రాశారు. ఇప్పుడు నాకు ఆరో నెల. గడ్డం మీద రెండు మొటిమలు లేచాయి. పోయిన వారం చూపిస్తే "ఉండనీ అమ్మా, కాన్పయ్యాక చూద్దాం" అన్నారు. ఉండనిచ్చాను. పొద్దున బడికి వెళ్లేముందు రెండు వేళ్ల పొడవునా సన్‌స్క్రీన్ మాత్రం రాసుకుంటున్నాను.