ఎర్ర తల పిట్టలు: అనంతపురం నోట్సు, నవంబరు నుంచి మార్చి దాకా

"తల మీద ఎరుపుంది, ఏం పిట్ట అది?" పిట్టలు చూస్తానని తెలిసినప్పటి నుంచి అందరూ నన్ను అడిగేది ఇదే. ఆ ఒక్క మాటతో చెప్పడం కష్టం. మా అనంతపురం చుట్టుపక్కలే తల మీద ఎక్కడో ఓ చోట ఎరుపున్న పక్షులు చాలా ఉన్నాయి. అందుకే ఈ సీజన్‌లో మిగతావి పక్కన పెట్టి వీటినే పట్టుకున్నాను.

నోట్‌బుక్‌లో ప్రతి ఎంట్రీకి ముందు చిన్న తల బొమ్మ గీస్తాను. ఒక సున్నా, ముక్కు, కన్ను, అంతే. ఎరుపు ఎక్కడుందో అక్కడ ఎర్ర పెన్నుతో దిద్దుతాను: నుదురా, నడినెత్తా, జుట్టా, మెడ వెనకా, కంటి ముందా, చెంపా. పక్కన "ఈక" అనో "తోలు" అనో రాస్తాను. ఫోటో సరిగ్గా రాకపోయినా ఈ రెండు సంగతులుంటే సగం పని అయిపోయినట్టే. బైనాక్యులర్ ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే 8×42ది. 10× అయితే చేతి వణుకు ఎక్కువ తెలుస్తుంది, ఎండలో నడిచి వచ్చాక మరీను.

నవంబరు, డిసెంబరు నెలల్లో చెరువుల మీద పడ్డాను. శింగనమల చెరువు జమ్ము అంచుల్లో మూడు రకాల నీటికోళ్లను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. బొల్లికోడికి నుదుటి బిళ్ల తెల్లగా ఉంటుంది, ముక్కూ తెలుపే, దాంతో గొడవ లేదు. జంబుకోడికి బిళ్ల ఎరుపు, ముక్కూ ఎరుపే గానీ కొస మాత్రం పసుపు. పక్కటెముకల వెంబడి తెల్ల గీత, తోక ఆడించినప్పుడు కింద తెలుపు కనిపిస్తుంది. నీలి బొల్లికోడి వీటికన్నా చాలా పెద్దది. ముక్కు లావు, కొస దాకా ఎరుపే. మూడింటికీ నుదుటి మీద ఉన్నది తోలు బిళ్లే, ఈక కాదు. కాబట్టి దూరం నుంచి చూసినా దాని అంచు గీత గీసినట్టు తెలుస్తుంది. ఈక ఎరుపైతే అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. వీటి పిల్లలకు రంగు ఇంత గాఢంగా ఉండదు, ఆ మాట నోట్సులో విడిగా రాసి పెట్టుకున్నా.

చెనిక్కాయ కోసేసిన చేలల్లో నల్ల కంకణం దొరికింది. ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన పక్షి ఇదే. ఒళ్లంతా నలుపు, పొడుగ్గా కిందికి వంగిన ముక్కు, బోడి తల. నడినెత్తి నుంచి మెడ వెనక దాకా ఎర్రటి బొడిపెల తోలు, త్రికోణం ఆకారంలో. రెక్క ముడుచుకున్నప్పుడు భుజం దగ్గర తెల్ల మచ్చ చూడాలి. దానికన్నా చిన్నగా, సన్నగా ఉండి గుంపులుగా నీళ్లలో తిరిగే మరో నల్ల రకానికి ఈ ఎరుపూ లేదు, ఆ తెల్ల మచ్చా లేదు. కంకణానికి నీళ్లతో పెద్ద పని లేదు, ఎండిన దుక్కుల్లో పురుగులు ఏరుకుంటుంది. లేత వయసు పక్షికి నెత్తి మీద ఎరుపుండదు, అప్పుడు ముక్కు, ఒడ్డు పొడుగు చూసి పోల్చుకోవాలి. పొద్దున ఎనిమిది దాటాక సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడితేనే ఆ ఎరుపు తెలుస్తుంది. ఎదురెండలో అయితే తల మొత్తం నలుపే.

అదే చేలో తీతువు కూడా. ఎరుపు కంటికి ముందున్న తోలు మడతలో ఉంటుంది, ముక్కు ఎరుపే, కొస నలుపు, కాళ్లు పసుపు. దాని తోబుట్టువు ఒకటుంది, కంటి ముందు మడత పసుపు, నెత్తి మీద నల్ల టోపీ. ఇంకా ఎండిన, రాళ్ల నేలల్లో తిరిగేది ఆ పసుపుదే. గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన బైనాక్యులర్ చూసి ఆగాడు. "ఏం జూస్తాండావప్పా?" అన్నాడు. తీతువును చూపించాను. "ఆ ఎర్రమూతిదా? రాత్రిళ్లు గూడా అరుస్తాది. దాని అరుపు మంచిది కాదంటారు గానీ, నా గొర్రెల దగ్గరికి కుక్క వస్తే ముందు చెప్పేది అదే" అన్నాడు. "అవునన్నా, గుడ్లు నేల మీదే పెడుతుంది కదా, దాని భయం దానిది" అన్నాను.

జనవరిలో జొన్న చేల మీద ఎర్ర తల బంటింగ్‌లనే వలస పిట్టల గుంపులు. మగది పెళ్లి రంగులో ఉంటే తల, గొంతు ఇటుకెరుపు, కింద పసుపు, తేలిగ్గా చెప్పేయొచ్చు. మధ్య ఆసియా నుంచి వస్తాయి ఇవి. కానీ చలికాలంలో రంగు మాసిపోయి ఉంటుంది. పైగా నల్ల తల రకం కూడా అదే గుంపులో తిరుగుతుంది. ఆడవైతే రెండు రకాలూ దాదాపు ఒకటే. ఆడపిట్టకు ఇదీ అని పేరు రాయను, "రెండింట్లో ఏదో ఒకటి" అని రాసి వదిలేస్తాను. జాబితా పొడుగు పెంచుకోవాలని పేరు అంటించడం నాకిష్టం లేదు.

ఫిబ్రవరి వచ్చేసరికి ఎండ ముదిరింది, కంసాలి పిట్ట మొదలుపెట్టింది. రోజంతా ఒకే తూకంలో టుక్ టుక్ టుక్. నోరు మూసుకునే అరుస్తుంది, గొంతు మాత్రం ఉబ్బుతుంది. అరుస్తూ తల అటూ ఇటూ తిప్పడంతో శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. అందుకని శబ్దం వెంట పోకుండా ఎండుకొమ్మల కొసలు వరసగా చూసుకుంటూ పోతాను. పిచ్చుకంత పిట్ట, పచ్చ ఒళ్లు, నుదురు ఎరుపు, గొంతు కింద మరో ఎర్ర మచ్చ, కంటి చుట్టూ పసుపు. ఆడామగా తేడా లేదు, పిల్లకు ఆ ఎరుపుండదు. మర్రి, రావి పండ్లుంటే తప్పకుండా దొరుకుతుంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 19,107 చదరపు మీటర్లు పరచుకుందని 1989లో గిన్నిస్‌లోకి ఎక్కింది. దాని కింద నిలబడితే పైన ఎన్ని కంసాలి పిట్టలు అరుస్తున్నాయో లెక్కపెట్టలేం. ఇల్లు వదలకుండా చూడాలంటే పెరట్లో మునగ చాలు. దాని మెత్తటి ఎండుకొమ్మలో తొర్ర చేసుకుంటుంది. కుట్టుపిట్టకు కూడా నుదురు, నెత్తి తుప్పు రంగులో ఉంటాయి, కానీ అది సన్నగా, తోక నిక్కబొడుచుకుని పొదల కింద తిరిగే పిట్ట, దీనితో కలవదు.

వడ్రంగి పిట్టలకు మాత్రం మగా ఆడా విడదీయకుండా పని కాదు. మా పక్క ఎక్కువ కనిపించే బంగారు వీపు రకంలో మగదానికి నెత్తంతా ఎరుపు. ఆడదానికి ముందు సగం నలుపు, తెల్ల చుక్కలు, వెనక జుట్టు మాత్రం ఎరుపు. రెండింటికీ గొంతు నలుపు. ఇదే పోలికలో తెల్ల మెడ వడ్రంగి ఒకటుంది, మెడ వెనక, భుజాల మధ్య తెలుపు, ఆడదానికి నెత్తి పసుపు. మూడోది చిన్నది, చుక్కల ఒళ్లు. నెత్తి ముందు పసుపు, మగదానికి ఆ పసుపు వెనక కాస్త ఎరుపు. పొట్ట మీద కూడా చిన్న ఎర్ర మచ్చ ఉంటుంది గానీ చెట్టుకు అతుక్కుని ఉన్నప్పుడు కనిపించడం అరుదు. ఈ మూడింటికీ బొమ్మలు మగా ఆడా వేర్వేరుగా గీశాను.

ఒక జాగ్రత్త. మోదుగ పూసే రోజుల్లో పూలలో తల దూర్చిన గోరువంకల నుదుటికి పుప్పొడి అంటుకుని కొత్త రంగు పక్షిలా కనిపిస్తాయి. సాయంత్రం ఎండలో గోధుమ రంగు కూడా ఎరుపు అయిపోతుంది. అయిదు తర్వాత చూసిన ఎరుపును పక్కన ప్రశ్నార్థకం పెట్టే రాస్తున్నాను.

పిట్టల పేర్లు చెప్పే మెర్లిన్ యాప్ ఇండియా ప్యాక్ ఇంటి దగ్గరే వైఫైలో దించుకోవాలి, చేలల్లో సిగ్నల్ ఉండదు. వడ్రంగి అరుపులకు బాగానే పనికొచ్చింది. ఫోటో పెడితే ఇచ్చే పేరును మాత్రం నా తల బొమ్మతో పోల్చుకున్నాకే ఒప్పుకుంటాను. ముఖ్యంగా పిల్ల పక్షుల దగ్గర.

మిగిలినవి: ఎర్ర నెత్తి చిన్న డేగ ఇంకా దొరకలేదు. జంటగా వేటాడుతుందట, తాటిచెట్లున్న చోట పొద్దున్నే, పొద్దు గూకే వేళ వెతకాలి. తర్వాత వీరాపురం. చిలమత్తూరు మండలంలోని ఆ ఊరు 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి, వాటి తల బోడి తోలు, గూళ్ల కాలంలో ఇంకా ఎర్రబడుతుంది. ఊరి వాళ్లు వాటిని ఇంటి పక్షుల్లా చూసుకుంటారు కాబట్టి దగ్గర నుంచే చూడొచ్చు. టోపీ మాత్రం తప్పనిసరి, గూళ్ల కింద నిలబడితే పైనుంచి ఏం పడుతుందో చెప్పలేం.