డాస్ ప్రోగ్రాములు, వర్చువల్ మెషీన్లు: చిక్కంతా పొలిమేరల్లోనే

విండోస్‌కు ముందు పీసీలను నడిపిన డాస్ వ్యవస్థ కోసం రాసిన పాత ప్రోగ్రామును ఇప్పటి విండోస్‌లో డబుల్ క్లిక్ చేస్తే, ఈ యాప్ మీ పీసీలో నడవదన్న పొడి సందేశం ఒకటి వచ్చి ఊరుకుంటుంది. చాలామంది దీన్ని మైక్రోసాఫ్ట్ మొండితనంగా చెప్పుకుంటారు గాని, అసలు కారణం చాలావరకు ప్రాసెసర్‌లోనే ఉంది. తొలి పీసీల కాలపు 8086 ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రాములను ఆధునిక వ్యవస్థ లోపల భద్రంగా నడపడానికి 1985లో వచ్చిన 386 ప్రాసెసర్ వర్చువల్ 8086 మోడ్ అనే ఏర్పాటును తెచ్చింది. 32 బిట్ విండోస్ ఎన్‌టీ వంశంలో డాస్ ప్రోగ్రాములను నడిపే ఎన్‌టీవీడీఎం అనే భాగం ఆ ఏర్పాటు మీదే నిలబడింది. ప్రాసెసర్ 64 బిట్ లాంగ్ మోడ్‌లోకి వెళ్లాక ఆ తలుపు మూసుకుపోతుంది. కావాలనుకుంటే మైక్రోసాఫ్ట్ ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించి ఉండవచ్చు, ఆల్ఫా, మిప్స్ ప్రాసెసర్ల మీద నడిచిన ఎన్‌టీ కోసం అలా చేసింది కూడా. 64 బిట్ విండోస్ విషయంలో మాత్రం ఆ శ్రమ పడలేదు. 32 బిట్ రూపం ఉన్న విండోస్‌లలో చివరిది విండోస్ 10. విండోస్ 11కు ఆ రూపమే లేదు.

వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మరో కంప్యూటర్, ఈ అడ్డంకిని పక్కనుంచి దాటుతుంది. వర్చువలైజేషన్ సదుపాయం ఉన్న ప్రాసెసర్ లోపలి వ్యవస్థకు తనదైన ప్రాసెసర్ స్థితిని కేటాయిస్తుంది కనుక, బయట 64 బిట్ విండోస్ నడుస్తున్నా లోపలి యంత్రం 1981 నాటి పీసీ పనిచేసిన పద్ధతిలో, అంటే రియల్ మోడ్‌లో, కళ్లు తెరుస్తుంది. వీటీ-ఎక్స్ అనే వర్చువలైజేషన్ సదుపాయంతో వచ్చిన ఇంటెల్ తొలి ప్రాసెసర్లు రియల్ మోడ్‌ను నేరుగా నడపలేకపోయేవి. 2010లో వెస్ట్‌మీర్ తరంతో ఆ లోటు తీరింది. అందువల్ల ఇప్పుడు వాడకంలో ఉన్న దాదాపు ఏ పీసీలోనైనా డాస్ బూట్ కావడం పెద్ద విషయం కాదు. లోపలి డాస్‌కూ బయటి ప్రపంచానికీ మధ్య వేగం, ఫైళ్లు, ప్రింటు వంటివి ఎలా దాటుతాయన్నదే అసలు ప్రశ్న. నా అనుభవంలో సమయమంతా అక్కడే ఖర్చవుతుంది.

ముందుగా ఏ దారి ఎంచుకోవాలో తేల్చుకోవాలి. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వంటివి లోపలి ప్రోగ్రామును అసలు ప్రాసెసర్ మీదే నడిపిస్తాయి. డాస్‌బాక్స్, 86బాక్స్ వంటివి పాత ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ఎమ్యులేటర్లు. క్యూఈఎంయూ రెండు పనులూ చేయగలదు. పద్దులు, డేటాబేస్‌లు, కంపైలర్ల వంటి పనిముట్లకు వర్చువల్ మెషీన్, వేగం మీద ప్రాణం నిలిపిన ఆటలకు ఎమ్యులేటర్ అన్నది నేను పాటించే నియమం. డాస్‌బాక్స్‌ను దాని రూపకర్తలు ఆటల కోసమే తయారు చేశారు. దాని లోపల ఉన్నది అసలు డాస్ కాదు, డాస్‌లా ప్రవర్తించే పొర. ఆటకు అది చాలుతుంది, కాని ఏళ్ల తరబడి పేరుకున్న లెక్కల ఫైళ్లను దానికి అప్పగించడానికి నాకు మనసొప్పదు. డాస్‌బాక్స్-ఎక్స్ అనే శాఖ ఫైల్ లాకింగ్, ప్రింటింగ్ వంటి లోటులను చాలావరకు పూరించిందన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి.

లోపల పెట్టుకునే డాస్ విషయంలో నాకు పెద్దగా మీమాంస లేదు. విడిగా అమ్ముడైన ఎంఎస్-డాస్‌లలో చివరిది 1994 నాటి 6.22. దాని లైసెన్సూ ఫ్లాపీలూ మీ దగ్గర ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 1.25, 2.0 వెర్షన్ల సోర్స్ కోడ్‌ను 2018లోనూ, 4.00 సోర్స్ కోడ్‌ను 2024లోనూ ఎంఐటీ లైసెన్సు కింద గిట్‌హబ్‌లో పెట్టింది గాని, 6.22 అందులో లేదు. మిగతావారికి ఉచితంగా దొరికే ఫ్రీడాస్ ఉంది. జిమ్ హాల్ 1994లో మొదలుపెట్టిన ఈ ప్రయత్నం ఇప్పటికీ సజీవంగా ఉంది, 2025 ఏప్రిల్‌లో 1.4 వెర్షన్ వచ్చింది. నేను ఎప్పుడూ ఫ్రీడాస్‌తో మొదలుపెట్టి, ఏదైనా ప్రోగ్రాము మొండికేస్తేనే 6.22 వైపు చూస్తాను.

యంత్రాన్ని సృష్టించేటప్పుడు ఉదారంగా ఉండకూడదు. ఎంఎస్-డాస్ 6.22తో వచ్చే హైమెమ్ అనే మెమొరీ డ్రైవరు 64 ఎంబీకి మించిన మెమొరీని చూడలేదు. డాస్ డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఫ్యాట్16 పద్ధతిలో పార్టిషన్ 2 జీబీ దాటదు. డిస్కులో ఖాళీ మరీ ఎక్కువగా ఉంటే, ఆ సంఖ్య తమ చరరాశిలో పట్టక చోటు చాలదని ఫిర్యాదు చేసే ఇన్‌స్టాలర్లు కూడా ఉన్నాయి. 16 ఎంబీ లేదా 32 ఎంబీ మెమొరీ, కొన్ని వందల ఎంబీల డిస్కు ఇస్తే డాస్‌కు అది రాజభోగమే.

ఇక వేగం సంగతి. కంప్యూటర్ వేగం పెరిగితే ప్రోగ్రాము ఆగిపోవడమేమిటని కొత్తవారికి వింతగా అనిపిస్తుంది. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ పనిముట్టుతో రాసిన ప్రోగ్రాములు దీనికి మంచి ఉదాహరణ. వాటిలో చాలావాటికి తెర, కీబోర్డు పనులు చూసే సీఆర్‌టీ అనే యూనిట్ జతై ఉంటుంది. అందులోని డిలే ఫంక్షన్ మిల్లీసెకన్లను కొలవాలంటే యంత్రం ఎంత వేగంగా ఉందో ముందే తెలియాలి కనుక, ప్రోగ్రాము మొదలయ్యే క్షణంలోనే ఆ యూనిట్ ఒక ఖాళీ లూపును తిప్పుతుంది. పీసీ గడియారం సెకనుకు సుమారు 18.2 సార్లు, అంటే దాదాపు 55 మిల్లీసెకన్లకు ఒకసారి, తట్టి లేపుతుంది. ఒక తట్టుకూ మరో తట్టుకూ మధ్య లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఆ సంఖ్యను 55తో భాగించి, ఫలితాన్ని 16 బిట్ల రిజిస్టరులో ఉంచుతుంది. 16 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 65535. లూపు సుమారు 36 లక్షల సార్లకు మించి తిరిగితే భాగఫలం ఆ రిజిస్టరులో పట్టదు. అప్పుడు ప్రాసెసర్, సున్నాతో భాగించినప్పుడు లేవనెత్తే ఇంటరప్టునే లేవనెత్తుతుంది, ప్రోగ్రాము రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చెప్పి పడిపోతుంది. రచయిత రాసిన మొదటి వాక్యం కూడా అప్పటికి నడిచి ఉండదు. 1990ల చివర్లో పెంటియమ్-2 యంత్రాలతోనే ఈ దోషం బయటపడింది, ఇప్పటి ప్రాసెసర్ మీద తప్పించుకునే అవకాశమే లేదు.

వర్చువల్‌బాక్స్‌లో ప్రాసెసర్ వాటాను శాతాల్లో తగ్గించే మీట ఒకటి ఉంది, దాన్ని తిప్పితే సరిపోతుందని అనుకోవడం సహజమే. అది లోపలి యంత్రానికి దక్కే సమయాన్ని కోస్తుంది తప్ప వేగాన్ని తగ్గించదు. దక్కిన ముక్కలో లూపు మళ్లీ పూర్తి వేగంతోనే పరిగెడుతుంది. సరైన మందు ప్రోగ్రాము ఫైలులోనే ఆ భాగహారాన్ని సరిదిద్దే ప్యాచ్. ఫైలును పీకేలైట్ లేదా ఎల్‌జెడ్‌ఈఎక్స్‌ఈతో కుదించి ఉంటే, ప్యాచ్ వెతికే బైట్లు దానికి కనిపించవు కనుక ముందు ఆ పొరను విప్పాలి. ప్యాచ్ కుదరని చోట డాస్‌బాక్స్ గెలుస్తుంది. రియల్ మోడ్ ప్రోగ్రాములకు అది మొదట మిల్లీసెకనుకు 3000 ఆదేశాల చొప్పున మాత్రమే నడుపుతుంది. కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కి తగ్గించుకోవచ్చు, ఎఫ్12తో పెంచుకోవచ్చు. ఆటగాడి కన్ను ఎక్కడ ఒప్పుకుంటే అక్కడ ఆపడమే.

వేగానికి సంబంధించిందే మరో ఇబ్బంది ఉంది. డాస్‌కు విశ్రాంతి తీసుకోవడం రాదు. మీరు ఏ కీ నొక్కుతారా అని ఎదురు చూస్తున్నప్పుడు కూడా అది కీబోర్డును ఆపకుండా అడుగుతూనే ఉంటుంది, ఆ కారణంగా నల్లని తెర మీద కర్సరు మాత్రమే మిణుకుమంటున్నా బయట ఒక ప్రాసెసర్ కోర్ పూర్తిగా ఆక్రమించబడి ఫ్యాను హోరెత్తుతుంది. ఫ్రీడాస్‌లోని ఎఫ్‌డీఏపీఎం అనే పనిముట్టును ఏపీఎండాస్ అనే సూచనతో, బూట్ కాగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైలులో పిలిస్తే, ఖాళీ వేళల్లో ప్రాసెసర్‌ను హాల్ట్ ఆదేశంతో నిద్రపుచ్చుతుంది. ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారు ఇది తప్పకుండా చేసుకోవాలి.

మెమొరీ గురించి ఒకప్పుడు జనం పుస్తకాలే రాశారు, ఇప్పుడు అంత పాట్లు అక్కర్లేదు. హైమెమ్‌నూ ఈఎంఎం386 అనే మరో మెమొరీ డ్రైవరునూ కాన్ఫిగ్ ఫైలులో పెట్టి, డాస్‌ను పై మెమొరీలోకి పంపితే 640 కేబీలో 600కు పైగా మిగులుతాయి. ఈఎంఎస్, అంటే డాస్ ప్రోగ్రాములకు అదనపు మెమొరీ అందించే ప్రమాణం, కావాలో వద్దో మాత్రం ప్రోగ్రామును బట్టి చూసుకోవాలి. లోటస్ 1-2-3 పట్టికలు 640 కేబీలో ఇరుక్కుపోవడం వల్లనే లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఆ ప్రమాణాన్ని తెచ్చాయి. అలాంటి ప్రోగ్రాముకు నోఈఎంఎస్ అని రాసిపెడితే దానికి అదనపు మెమొరీ దొరకదు.

ఫైళ్లను లోపలికీ బయటికీ తరలించడం దగ్గరే ఎక్కువమంది విసిగిపోతారు. అతిథి, అంటే వర్చువల్ మెషీన్ లోపల నడిచే వ్యవస్థ, విండోస్ అయితే దొరికే షేర్డ్ ఫోల్డర్ సౌకర్యం వర్చువల్‌బాక్స్‌లో డాస్ అతిథికి లేదు. చిన్న ఫైళ్లకు 1.44 ఎంబీ ఫ్లాపీ ఇమేజి చాలు. పెద్దవాటికి ఐఎస్ఓ ఇమేజి తగిలించవచ్చు, అయితే అది లోపలికి వెళ్లడానికే తప్ప బయటికి రావడానికి పనికిరాదు. నాకు నచ్చిన పద్ధతి డిస్కును విండోస్‌కు కూడా తెలిసిన వీహెచ్‌డీ అనే డిస్కు ఫైలు రూపంలో సృష్టించడం. యంత్రాన్ని ఆపివేశాక విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ ఫైలును అటాచ్ చేస్తే అది మామూలు డ్రైవులా తెరుచుకుంటుంది. రెండు వైపులా ఒకేసారి తెరిచి ఉంచితే ఫ్యాట్ పట్టిక చెడిపోవడం ఖాయం కనుక, ముందు ఆపడం, తరువాత అటాచ్ చేయడం అన్న వరుస తప్పకూడదు. రోజూ తరలించాల్సిన పని ఉన్నవారు వర్చువల్ పీసీనెట్ నెట్‌వర్క్ కార్డుకు ప్యాకెట్ డ్రైవరు వేసి, మైకేల్ బ్రుట్‌మన్ రాసిన డాస్ నెట్‌వర్క్ పనిముట్ల సంపుటి ఎంటీసీపీలోని ఎఫ్‌టీపీని వాడుకుంటే హాయిగా ఉంటుంది. ఏ దారిలో వెళ్లినా ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, ఎక్స్‌టెన్షన్ మూడక్షరాలు దాటకుండా బయటే మార్చుకోవడం మంచిది. లేకపోతే టిల్డె గుర్తుతో తెగిన పేర్లు కుప్పపడి, ఏది ఏదో పోల్చుకోలేని స్థితి వస్తుంది.

ప్రింటింగ్ ఇంకో అధ్యాయం. డాస్‌కు ప్రింటర్ డ్రైవరు అనే ఊహే లేదు, ప్రతి ప్రోగ్రామూ తనకు తెలిసిన ప్రింటర్ భాషను సమాంతర పోర్టుకు నేరుగా పంపుతుంది. వీఎంవేర్‌లో ఆ పోర్టు అవుట్‌పుట్‌ను ఒక ఫైలులోకి మళ్లించవచ్చు, అయితే ఆ ఫైలులో ఎప్సన్ డాట్ మ్యాట్రిక్స్ సంకేతాలు ఉంటే ఇప్పటి ప్రింటరుకు అవి అర్థం కావు. అందుకని ప్రోగ్రాము సెట్టింగుల్లో హెచ్‌పీ లేజర్‌జెట్ గాని పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ గాని దొరుకుతుందేమో ముందు వెతుకుతాను. వర్డ్‌పర్ఫెక్ట్ 5.1 వంటివాటిలో దొరుకుతుంది. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలును ఘోస్ట్‌స్క్రిప్ట్, లేజర్‌జెట్ ఫైలును ఘోస్ట్‌పీసీఎల్ చక్కని పీడీఎఫ్‌గా మారుస్తాయి. ఎప్సన్ తప్ప మరేదీ తెలియని ప్రోగ్రాముకు, ఎప్సన్ ప్రింటరునే అనుకరించే డాస్‌బాక్స్-ఎక్స్ దిక్కు.

సమాంతర పోర్టుకు తగిలించే డాంగిల్, అంటే నకళ్లను అడ్డుకునే చిన్న తాళం లాంటి పరికరం, లేనిదే తెరుచుకోని ప్రోగ్రాములు మాత్రం వేరే కోవ. కొత్త యంత్రానికి ఆ పోర్టే లేనప్పుడు వర్చువల్ మెషీన్‌కు ఇవ్వడానికి ఏమీ ఉండదు. యూఎస్‌బీ ప్రింటర్ కేబుళ్లు ప్రింటరుతో మాట్లాడతాయే గాని, డాంగిల్ ఆశించే పోర్టు రిజిస్టర్లను చూపించవు. ఇలాంటి చోట పాత యంత్రాన్ని కదపకుండా ఉంచుకోవడమే మేలు.

చివరగా డేటా. ప్రోగ్రాము నడిచింది కదా అని డేటాను అందులోనే వదిలేయకూడదు. డీబేస్, ఫాక్స్‌ప్రో వాడిన డీబీఎఫ్ ఫైళ్లను లిబ్రెఆఫీస్ క్యాల్క్ నేరుగా తెరుస్తుంది, అక్కడినుంచి సీఎస్‌వీగా భద్రపరిస్తే దాన్ని చదవడానికి డాస్ అక్కర్లేదు. పొడవైన రాతలు ఉంచే మెమో ఫీల్డులు వేరే ఫైలులో, డీబేస్‌లో డీబీటీగా, ఫాక్స్‌ప్రోలో ఎఫ్‌పీటీగా ఉంటాయి. కాపీ చేసేటప్పుడు అది కూడా వెంట రావాలి. యంత్రం స్థితిని భద్రపరిచే స్నాప్‌షాట్ల మీద ఆధారపడకుండా, దాని డిస్కును క్యూఈఎంయూ-ఐఎంజీ అనే పనిముట్టుతో రా ఇమేజిగా, అంటే డిస్కులోని బైట్ల యథాతథ ప్రతిగా, మార్చి మరో ప్రతి తీసి ఉంచుతాను. వర్చువల్‌బాక్స్ తన ఫైలు రూపాన్ని రేపు మార్చుకున్నా, రా ఇమేజిని క్యూఈఎంయూ బూట్ చేస్తుంది, లినక్స్ నేరుగా మౌంట్ చేస్తుంది.