పీనట్ బటర్ కుకీల్లో పంచదార మానేస్తే వచ్చే తిప్పలు

పీనట్ బటర్ కుకీల్లో మైదా మానేస్తే ఏమీ కాదు, గుడ్డు మానేసినా దారి దొరుకుతుంది, అసలు తిప్పలన్నీ పంచదార మానేసినప్పుడే మొదలవుతాయి. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. వీగన్ (అంటే గుడ్డు, పాలు, తేనె లాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ లేకుండా) అనగానే గుడ్డు లేకుండా కుకీ ఎలా నిలబడుతుందా అని టెన్షన్ పడతారు, పంచదార దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక స్వీట్‌నర్ అదే కొలతకి వేసేస్తే సరిపోతుందిలే అని వదిలేస్తారు. తీరా ట్రే బయటికి తీస్తే పెట్టిన ఉండలు పెట్టినట్టే, రంగు రాకుండా, పాలిపోయి కనిపిస్తాయి.

కుకీలో పంచదార చేసే పని తీపి ఒక్కటే కాదు కదా. వేడికి కరిగి ముద్దని పక్కలకి జారనిస్తుంది, చల్లారాక అంచులు కరకరలాడేలా చేస్తుంది, తేమని పట్టి ఉంచి మధ్యలో మెత్తగా ఉంచుతుంది, పైకి ఆ ఎర్రటి రంగు తెస్తుంది. లో కార్బ్ (పిండిపదార్థాలు, చక్కెర తగ్గించిన) బేకింగ్‌లో ఎక్కువగా వాడే ఎరిత్రిటాల్ అనే స్వీట్‌నర్‌కి తీపి ఉంది గానీ (అదీ పంచదారలో 70 శాతమే) మిగతా పనులు దాదాపు ఏవీ రావు. అది పాకం కాదు, రంగు తిరగదు, చల్లారాక మళ్ళీ గట్టి పలుకులు కడుతుంది. అంటే పంచదార వదిలేసిన పనులన్నీ మనమే ఒక్కొక్కటిగా చేసుకోవాలి. ఈ వీగన్, లో కార్బ్ కుకీల సంగతంతా అదే, మిగతాదంతా కలపడం, కాల్చడం.

కొలతలు చెప్పేస్తాను. పీనట్ బటర్ ఒక కప్పు, అంటే దాదాపు 250 గ్రాములు. బాదం పొడి 50 గ్రాములు. పొడి చేసిన ఎరిత్రిటాల్ 100 గ్రాములు. అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూన్, దానికి మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు. బేకింగ్ సోడా అర టీ స్పూన్, ఉప్పు పావు టీ స్పూన్, వెనిల్లా ఒక టీ స్పూన్. పీనట్ బటర్‌లో ఉప్పు ముందే ఉంటే విడిగా వేసే ఉప్పు సగం చేయండి. వెన్న, నూనె ఏమీ అక్కర్లేదు, పీనట్ బటర్‌లో సగం బరువు కొవ్వే.

ఇప్పుడు పీనట్ బటర్ గురించి కాస్త ఎక్కువే మాట్లాడాలి, ఎందుకంటే కుకీలో సగానికి పైగా అదే. డబ్బా వెనక పదార్థాల పట్టీలో పల్లీలు, ఉప్పు, ఈ రెండే ఉండాలి. పంచదార, గ్లూకోజ్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటివి కనిపిస్తే మళ్ళీ అల్మారాలో పెట్టేయండి. వీగన్‌లకి ఇంకో మాట, కొన్నిటిలో తేనె కలుపుతారు, అదీ చూసుకోవాలి. "రెడ్యూస్డ్ ఫ్యాట్" అని రాసి ఉన్నవాటి జోలికి అసలు పోవద్దు. అందులో కొవ్వు తగ్గించిన చోట పిండిపదార్థాలు, తీపి నింపుతారు, క్యాలరీలు చూస్తే మామూలు దానికి కాస్త అటూ ఇటూగానే ఉంటాయి, కార్బ్స్ మాత్రం పెరుగుతాయి. లో కార్బ్ తినేవాళ్ళకి అంతకన్నా పనికిరాని డబ్బా లేదు.

ఇంట్లో చేసుకుంటే ఇంకా మంచిది, పెద్ద పనేమీ కాదు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ముందే ఏరి పారేయండి, పల్లీలకి పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది వేయిస్తే పూర్తిగా పోయేది కాదు. మంచివాటిని 175 డిగ్రీల ఓవెన్లో ఓ పది పన్నెండు నిమిషాలు వేయించి, పొట్టు తీసి, ఇంకా వెచ్చగా ఉండగానే మిక్సీలో వేయండి. ముందు పొడి అవుతుంది. తర్వాత ఆ పొడి మిక్సీ జార్ అంచులకి అతుక్కుపోయి, బ్లేడు ఊరికే తిరుగుతూ ఉంటుంది, ఇక్కడే చాలామంది భయపడి నూనె పోసేస్తారు. పోయకండి. అంచుల నుంచి గరిటెతో లాగి మళ్ళీ తిప్పితే ముద్దవుతుంది, ఇంకాస్త తిప్పితే ఆ ముద్ద ఉన్నట్టుండి మెరుస్తూ జారుగా అయిపోతుంది. లోపలి నూనె బయటికొచ్చిందన్నమాట. మధ్యమధ్యలో ఆపుతూ చేయండి, లేకపోతే మిక్సీ వేడెక్కిపోతుంది.

కొన్నదైనా, చేసుకున్నదైనా, నిలవ ఉంటే నూనె పైకి తేలుతుంది. ఆ నూనె ఒంపేస్తే కుకీ ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంది. అడుగు దాకా బాగా కలిపి అప్పుడే కొలవండి.

గుడ్డు బదులు అవిసె. గింజలు గింజలుగా వేస్తే లాభం లేదు, మెత్తగా పొడి చేసి నీళ్ళలో కలిపి పది నిమిషాలు వదిలేస్తే పైపొరలో ఉండే జిగురు నీళ్ళలోకి దిగి చిక్కటి బంకలా అవుతుంది. అది పిండిని పట్టి ఉంచుతుంది, కానీ గుడ్డులా పొంగించదు. ఈ కుకీకి పొంగడం అవసరమే లేదు కాబట్టి మనకి నష్టం లేదు. కొంచెం సాగినట్టు, నమిలేలా కావాలనుకుంటే అర టీ స్పూన్ ఇసబ్గోల్ పొట్టు కలపండి, అంతకు మించితే జిగురుగా ఉంటుంది. అవిసె పొడి ఎప్పటికప్పుడు చేసుకుంటేనే మేలు, నిలవుంటే చేదు వాసన వస్తుంది, అది పల్లీ రుచిలో కూడా దాగదు.

కలిపేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. జారుగా ఉన్న పీనట్ బటర్‌లో ఆ అవిసె బంక వేసి నాలుగు తిప్పులు తిప్పగానే మొత్తం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, నీళ్ళు పోస్తే పలచన కావాల్సింది గట్టిపడడం ఏంటని అనిపిస్తుంది. పీనట్ బటర్ అంటే నూనెలో తేలే సన్నటి పల్లీ రేణువులు, వాటికి కాస్త నీరు తగలగానే పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి, అందుకే ఆ బిగుతు. మనకి కావాల్సింది అదే. ఉండ చేస్తే నిలవాలి, వేలితో నొక్కితే అంచు కొద్దిగా చీలాలి. బాదం పొడి, స్వీట్‌నర్, సోడా, ఉప్పు వేశాక కలిసిందనగానే ఆపేయండి. ఇంకా పిసుకుతూ ఉంటే నూనె బయటికొచ్చి చేతికి జిడ్డు అంటుతుంది, కాలాక కుకీ అడుగున నూనె మడుగు కడుతుంది. బాదం పొడి లేదని కొబ్బరి పిండి అదే కొలతకి వేయకండి, అది నీటిని విపరీతంగా పీలుస్తుంది, ఒక టేబుల్ స్పూన్, మహా అయితే రెండు చాలు.

ఇక పంచదార వదిలేసిన పనులకి వద్దాం. ఈ ముద్ద తనంతట తాను పరుచుకోదు, కాబట్టి మీరే పరచాలి. 25 గ్రాముల చొప్పున ఉండలు చేస్తే పద్దెనిమిది దాకా వస్తాయి. బేకింగ్ కాగితం మీద పెట్టి, ఫోర్క్‌తో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి నొక్కండి, సెంటీమీటర్ మందం వచ్చేదాకా. ఈ గళ్ళ గుర్తు 1930ల నుంచీ పీనట్ బటర్ కుకీల మీద కనిపిస్తోంది, అందం కోసమే అనుకుంటాం గానీ, మందంగా ఉండే ఈ ముద్దని పలచగా చేసి లోపలా బయటా సమానంగా కాలనివ్వడమే దాని పని, పంచదార లేనప్పుడు అది మరీ అవసరం. రంగు సంగతి సోడా చూసుకుంటుంది. ముద్దలో క్షారగుణం పెరిగితే పల్లీల్లో సహజంగా ఉండే కొద్దిపాటి చక్కెర, ప్రోటీన్ కలిసి త్వరగా ఎరుపెక్కుతాయి. అలాగని సోడా ఎక్కువ వేస్తే సబ్బు రుచి, అర స్పూన్ దాటకండి.

ముందే వేడి చేసిన ఓవెన్లో 175 డిగ్రీల దగ్గర, మధ్య అరలో, పది నుంచి పన్నెండు నిమిషాలు. అంచులు కాస్త రంగు తిరిగి, మధ్యలో ఇంకా పచ్చిగా ఉందేమో అనిపించినప్పుడే తీసేయాలి. ఆ సమయంలో ముట్టుకుంటే పొడైపోతాయి. ట్రే మీదే ఇరవై నిమిషాలు వదిలేస్తే గట్టిపడతాయి. గట్టిగా లేవు కదా అని ఇంకో ఐదు నిమిషాలు కాలిస్తే చల్లారాక ఇసుకలా పొడిగా ఉంటాయి, పల్లీలు మాడిన చేదు కూడా తగులుతుంది.

స్వీట్‌నర్ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఎరిత్రిటాల్ పలుకుల్లా ఉన్నది వేస్తే నోట్లో కరకరమంటుంది, కాబట్టి మిక్సీలో మెత్తగా పొడి చేయాల్సిందే. ఎంత పొడి చేసినా తిన్నాక నాలుక మీద పిప్పరమెంటు చప్పరించినట్టు ఓ చల్లదనం ఉంటుంది, అది కరిగేటప్పుడు నోట్లోని వేడిని లాక్కోవడం వల్ల. ఉప్పు, పల్లీల వగరు కలిసి దాన్ని కొంత కప్పేస్తాయి, పూర్తిగా కాదు. అల్యులోజ్ దొరికితే నా ఓటు దానికే. అది పంచదారలాగే రంగు తిరుగుతుంది, తేమ పట్టుకుంటుంది, కుకీ మెత్తగా వస్తుంది. కాకపోతే త్వరగా మాడుతుంది, ఓవెన్ ఓ పది పదిహేను డిగ్రీలు తగ్గించుకోవాలి. మాల్టిటాల్ మాత్రం వద్దు. "షుగర్ ఫ్రీ" చాక్లెట్లలో ఎక్కువగా ఉండేది అదే, రక్తంలో చక్కెరని బాగానే పెంచుతుంది, పొట్ట ఉబ్బరం అదనం. ఖర్జూరం, మేపుల్ సిరప్, కొబ్బరి పంచదార వేసి లో కార్బ్ అని పేరు పెట్టే రెసిపీలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అవి వీగనే, కాదనను. కానీ 100 గ్రాముల ఎండు ఖర్జూరంలో 70 గ్రాములకు పైగా కార్బ్స్ ఉంటాయి.

ఎరిత్రిటాల్ మీద ఒక మాట దాచకుండా చెప్పాలి. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు ప్రచురించారు. అదే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు, మన ఒంట్లో కూడా కొంత ఎరిత్రిటాల్ తయారవుతుంది. అయినా గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి వాడటం మంచిది. మిగతావాళ్ళు కూడా రోజుకి డబ్బా ఖాళీ చేయాల్సిన పని లేదు.

ఇలాంటి కుకీల్ని హెల్దీ అంటుంటారు, ఆ మాట దగ్గర కూడా కొంచెం ఆగుదాం. పై కొలతలతో ఒక్కో కుకీకి పీచు, ఎరిత్రిటాల్ తీసేస్తే కార్బ్స్ దాదాపు 2.5 గ్రాములు, ప్రోటీన్ 4 గ్రాములు. అదే పాత పద్ధతిలో కప్పు పంచదార పోసి ఉంటే ఒక్కో కుకీకి ఆ పంచదారే 11 గ్రాములు అయ్యేది. తేడా నిజమే. కానీ క్యాలరీలు? ఒక్కోదానికి 100 దాకా ఉంటాయి. చక్కెర తగ్గించుకోవాలనుకునేవాళ్ళకి ఇది మంచి కుకీ, బరువు తగ్గాలని టీతో పాటు ఆరు లాగించేవాళ్ళకి కాదు. కార్బ్స్ లేవు కదా అని లెక్క లేకుండా తినడం దగ్గరే లో కార్బ్ వాళ్ళలో సగం మంది బోల్తా పడతారు.

పైన చాక్లెట్ ముక్కలు అద్దాలనుకుంటే డార్క్ అని రాసి ఉన్నంత మాత్రాన వీగన్ అనుకోకండి, పాల పొడి, పాల కొవ్వు కలిపినవి చాలా ఉంటాయి.

పల్లీలు పడనివాళ్ళు పొద్దుతిరుగుడు గింజల బటర్‌తో ఇదే చేసుకోవచ్చు. కాకపోతే చల్లారాక మర్నాటికి కుకీ లోపలంతా పచ్చగా, అంటే నిజంగానే ఆకుపచ్చగా మారుతుంది. బూజు అనుకుని పారేయకండి. ఆ గింజల్లో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిసి ఆ రంగు తెస్తుంది, తింటే ఏమీ కాదు. సోడా సగం చేసి ఒక చెంచా నిమ్మరసం పిండితే రంగు చాలావరకు తగ్గుతుంది.

ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ అనే స్వీట్‌నర్ అసలు వాడొద్దు. మనుషులకి పర్లేదు గానీ కుక్కలకి కొద్దిపాటి జైలిటాల్ కూడా ప్రాణం మీదకి తెస్తుంది, పైగా పీనట్ బటర్ వాసనకి అవి ఆగవు.

గాలి చొరబడని డబ్బాలో బయట నాలుగైదు రోజులు, ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటాయి. ఎరిత్రిటాల్‌తో చేసినవి రోజులు గడిచేకొద్దీ గట్టిపడి కరకరలాడతాయి, నాకైతే అవే ఇష్టం. ఒకేసారి అన్నీ కాల్చకుండా, నొక్కిన ఉండల్ని ట్రేతో సహా ఫ్రీజర్‌లో గడ్డకట్టించి తర్వాత డబ్బాలోకి మార్చుకుంటే, తినాలనిపించినప్పుడు రెండు మూడు తీసి కరగనివ్వకుండానే ఓవెన్లో పెట్టేయొచ్చు. మామూలు కన్నా ఓ రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.